నాలుగు బోర్డులు, ఒక గుమ్మం

క్లినిక్ వెనక గది,
ఫిబ్రవరి, ఓ మంగళవారం మధ్యాహ్నం

ఆడపడుచుకు వదిన ఆశీస్సులు.

నీ చెవులకు ఫోను పనికిరాకుండా పోయినప్పటి నుంచి నాకు మళ్ళీ ఉత్తరాలు రాసే అలవాటు వచ్చింది. నా చేతిరాత మందుల షాపు వాళ్ళకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదని మీ అన్నయ్య వెక్కిరిస్తారు కాబట్టి నిదానంగా రాస్తున్నాను. నువ్వూ నిదానంగా చదువు.

ఇక్కడ పెద్ద వ్యవహారమే నడుస్తోంది. ఊరి చివర పెద్దాసుపత్రి వచ్చాక మా వీధి డాక్టర్ల బతుకు ఎలా ఉందో నీకు తెలిసిందే. వాళ్ళ బస్సు పొద్దున్నే వీధి వీధీ తిరిగి మనుషులను ఎక్కించుకుపోతుంది. ఇన్సూరెన్సు కంపెనీలకు రాస్తే ఒక్క డాక్టరున్న క్లినిక్‌తో తాము మాట్లాడబోమని జవాబు. నా దగ్గర పుట్టినప్పటి నుంచి మందు తాగిన పిల్లలు కూడా ఇప్పుడు ఆ బస్సు కిటికీలోంచి నాకు చెయ్యి ఊపుతూ పోతున్నారు. ఊపకుండా పోతే ఇంకా బాగుండేది.

అందుకని పిల్లల డాక్టరమ్మ ఒక ఆలోచన తెచ్చింది. ఆవిడ, నేను, ల్యాబు ఆయన, కొత్తగా వచ్చిన గుండె డాక్టరు, నలుగురం ఒకే గుమ్మంలోకి వద్దామని. ఎవరి గది వారిదే, ఎవరి పేషంట్లు వారివే. రిసెప్షను, ల్యాబు, ఇన్సూరెన్సు వాళ్ళతో బేరం మాత్రం ఉమ్మడి. ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు ఆ గదిలో కూర్చుంటారు. ఈ క్లినిక్ తెరిచాక నేను ఒళ్ళు కాలుతున్నా తలుపు మూయలేదు. మా అమ్మ పోయిన రోజు కూడా సాయంత్రానికి వచ్చి కూర్చున్నాను. కాబట్టి ఆ మాట దగ్గర నాకూ కాస్త మెత్తబడాలనిపించింది.

కానీ ఆ గుండె డాక్టరు ఉన్నాడే, అతని దగ్గరే నా మనసు ఆగిపోతోంది. నిన్న మొన్నటిదాకా పెద్దాసుపత్రిలోనే పనిచేశాడట. చల్లటి గది, నెల జీతం వదిలేసి ఎవరైనా ఈ వీధికొచ్చి, టీ కొట్టు మీద అద్దె గదిలో కూర్చుంటారా? మాటా పలుకూ ఉండదు. మీటింగులో అందరం గొంతు చించుకుంటుంటే అతను పెన్ను మూత తీస్తూ పెడుతూ వింటుంటాడు. మూగనోము గారని పేరు పెట్టాను. పోయిన వారం మా నర్సు అతని కారు పెద్దాసుపత్రి వెనక గేటులోకి పోతుంటే కళ్ళారా చూసింది. మానేసినవాడికి వెనక గేటుతో ఏం పని? మమ్మల్ని ముగ్గురినీ ఒక మూటగా కట్టి వాళ్ళకు అప్పజెప్పడానికే వచ్చాడని నా అనుమానం.

మీ అన్నయ్య మాత్రం "నీకు జ్వరం కొలవడం వచ్చు, మనుషులను కొలవడం రాదు" అంటారు. క్లినిక్‌లో మందుల కౌంటరు వెనక కూర్చునే మనిషి, ఊరందరూ మంచివాళ్ళే ఆయనకు. ఈసారి తప్పటడుగు వేశానంటే నా బోర్డు మిగలదు. కలవకపోయినా మిగలదేమో. నీకేమనిపిస్తోందో రాయి.

నీ వదిన

*

బైండింగ్ షెడ్డు,
ఫిబ్రవరి చివర

వదినకు,

నీ ఉత్తరం చేతికి గమ్ము ఉండగానే విప్పాను, మొదటి పేజీ వేలికి అతుక్కుపోయింది. దాని వల్ల కొన్ని మాటలు పోయినా నీ కోపం మాత్రం ఎక్కడా పోలేదు.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నా. మా వీధిలో ఒకప్పుడు నాలుగు ప్రెస్సులుండేవి, గుర్తుందా? నా చెవులు పోయింది ఆ మిషన్ల పక్కనే. నలుగురూ కలిసి ఒక పెద్ద మిషను కొందామని ఏడాదిపాటు మాట్లాడుకున్నారు. వీడు వాడిని నమ్మలేదు, వాడు వీడిని నమ్మలేదు. మిషను ఎవరి షెడ్డులో పెట్టాలన్న దగ్గర తెగలేదు. ఈలోగా బజారులో పెద్ద ప్రెస్సు వచ్చింది. ఇప్పుడు నలుగురిలో ముగ్గురు లేరు, నాలుగోది నేను, అచ్చు వదిలేసి అట్టలు వేసుకుంటున్నాను.

అలాగని కళ్ళు మూసుకుని దూకమనను. ఒప్పందం కాగితాన్ని కుట్టు విప్పి పేజీ పేజీ చూసుకో. ఎవరైనా మధ్యలో వెళ్ళిపోతే తన వాటా బయటివాళ్ళకు అమ్ముకోవచ్చా లేదా, అదొక్కటీ గట్టిగా రాయించుకో. మాట్లాడనివాడు దొంగేనని అనుకోకు. నేనూ నీ పెళ్ళిలో మాట్లాడలేదు, పొగరుబోతునని ఆర్నెల్లు అనుకున్నావు.

అన్నయ్య ఎలా ఉన్నాడు? ఈ మధ్య ఉత్తరాలు పొట్టివైపోయాయి. నీతో కాపురం చేసి వాడికీ మందు చీటీ అలవాటైనట్టుంది.

ఇట్లు
నీ ఆడపడుచు

*

క్లినిక్ వెనక గది,
మార్చి

అమ్మాయీ,

నీ సలహా బాగుంది, కాగితం చూసుకుంటున్నాను. కానీ మనిషిని కాగితంలో చూడలేం కదా. అందుకని నేనొక పని చేశాను. చదివి నవ్వుకో, ఎవరికీ చెప్పకు.

డాక్టరు ఎలాంటివాడో తెలియాలంటే పేషంటుగా వెళ్ళాలి. నేను వెళ్తే గుర్తుపడతాడు. మీ అన్నయ్యను అతను ఎప్పుడూ చూడలేదు, మీటింగులన్నీ పిల్లల డాక్టరమ్మ ఇంట్లోనే జరుగుతాయి. కాబట్టి ఆయన్ను పంపించాను. ఒక రోగం నేర్పించి మరీ పంపించాను. "అన్నం తిన్నాక గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. అంతే చెప్పండి. ఏం చేస్తుంటారంటే కిరాణా కొట్టు అనండి" అని రెండు రోజులు వల్లె వేయించాను. నిజాయితీ ఉన్నవాడైతే ఒక ఈసీజీ తీసి, మంటకు మందు రాసి పంపిస్తాడు. నేనైనా అదే చేస్తాను. ఆశ ఉన్నవాడైతే అక్కడే దొరికిపోతాడు.

మీ అన్నయ్య మొదట నాకు నటన రాదని ససేమిరా అన్నారు. మర్నాడు ఆయనే వచ్చి "ఎప్పుడు వెళ్ళమంటావు" అని అడిగారు. నా పోరు పడలేక ఒప్పుకున్నారనుకో.

ఏమైందో విను. ఈసీజీ తీశాడు. నేను చూశాను, నిక్షేపంలా ఉంది. అది చేతిలో పెట్టుకుని కూడా ఆంజియోగ్రామ్ రాశాడు. చెయ్యి దగ్గర నాళంలోంచి గుండెదాకా గొట్టం పంపి చూసే పరీక్ష అది. పుల్లటి తేన్పులకు ఆంజియోగ్రామ్! "ఈ వారంలోనే" అని కింద గీత కూడా గీశాడు. దానికి తోడు నాలుక కింద పెట్టుకునే మాత్రలు. ఎక్కడ చేయించుకోవాలంటే, ఇంకెక్కడ, పెద్దాసుపత్రిలో. దొంగ దొరికాడా లేదా?

నేను గంటసేపు నవ్వాను. మీ అన్నయ్య ఆ మాత్రలు జేబులో వేసుకుని, "పోనీ చేయించుకుంటే ఏం పోయింది" అన్నారు. జాలి గుండె. అతనికి కమీషను పోతుందని ఈయనకు బాధ.

ఇప్పుడు నా చేతిలో రుజువుంది. తొందరపడకుండా సమయం చూసి బయట పెడతాను.

నీ వదిన

*

బైండింగ్ షెడ్డు,
మార్చి చివర

వదినకు,

నీ ఉత్తరం అందింది. అన్నయ్య ఉత్తరం కూడా అందింది.

నా మాట విని ఆ సంతకం తొందరగా పెట్టేయి. మా ప్రెస్సుల సంగతి చెప్పాను కదా, ఆలస్యమే మమ్మల్ని ముంచింది. నలుగురూ కలిస్తే నీకు కాస్త ఊపిరాడుతుంది. నీ గదిలో కూర్చోవడానికి ఇంకొకరుంటే ఎంత బాగుంటుందో ఆలోచించు. ఆ గుండె డాక్టరు చెడ్డవాడని నాకు అనిపించడం లేదు.

ఆ పరీక్ష అన్నయ్యకు ఎలాగూ రాశాడు కాబట్టి చేయిస్తే పోయేదేముంది? వయసు మీద పడుతున్న మనిషే కదా. నీకు రుజువూ ఇంకా గట్టిగా దొరుకుతుంది.

అన్నయ్యను మేడ మెట్లు ఎక్కువగా ఎక్కనివ్వకు. కింద గదిలో పడుకోమను, ఎండలు మొదలవుతున్నాయి.

వెంటనే జవాబు రాయి.

నీ ఆడపడుచు

*

మేడ మీద వంటగది,
ఏప్రిల్

అమ్మాయీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక్క వేళాకోళం లేదు. నువ్వు నాకు ఉత్తరం రాసి నన్ను ఏడిపించకుండా ఎప్పుడైనా ముగించావా? మొన్ననేమో కుట్టు విప్పి పేజీ పేజీ చూసుకోమన్నావు. ఇప్పుడు చూడకుండా పెట్టేయమంటున్నావు. మధ్యలో ఏం జరిగింది?

గుండె డాక్టరు అత్తవారిది మీ ఊరేనని నాకు ఇప్పుడే తెలిసింది. కుండబద్దలు కొట్టి అడుగుతున్నాను, నీ దగ్గరకు ఎవరైనా వచ్చారా? అట్టలు వేసే పనేదైనా ఇస్తామన్నారా? అలా అడగాల్సి వచ్చినందుకు నాకే సిగ్గుగా ఉంది, కానీ చూసీ చూడనట్టు ఊరుకోవడం నా వల్ల కాదు. చేయిస్తే పోయేదేముందట. ఒంట్లో ఏ రోగమూ లేని మనిషి గుండెలోకి గొట్టం పంపమని సొంత చెల్లెలు చెబుతోంది. ఈ మాట నీది కాదు, నీ చేత ఎవరో రాయించారు.

ఇక్కడ సంగతి కూడా తేలిపోయింది. మొన్నటి మీటింగులో అందరూ లేచి వెళ్తుంటే మూగనోము గారు నా దగ్గరకొచ్చి, "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగాడు. అడిగి నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. నేను పంపిన మనిషి ఎవరో కనిపెట్టేశాడు, నన్ను బెదిరిస్తున్నాడు. నాకు ఒంటికాలి మీద లేవాలనిపించింది. అక్కడేమీ అనకుండా వచ్చేసి, మర్నాడు పిల్లల డాక్టరమ్మకు ఈసీజీ, చీటీ రెండూ చూపించాను. ఆవిడ ముఖం పాలిపోయింది. పేషంటు ఎవరో చెప్పలేదు, తెలిసినవాళ్ళు అన్నాను. పక్కనే ఉన్న ల్యాబు ఆయన కూడా విన్నాడు. ఇక సంతకాల మాట ఎవరూ ఎత్తడం లేదు. ల్యాబు ఆయన పెద్దాసుపత్రి వాళ్ళతో విడిగా మాట్లాడుకుంటున్నాడని గాలి వార్త. పోనీ. మోసపోవడం కన్నా మూతపడటం నయం.

మీ అన్నయ్య కూడా నా మీద అలిగి ఉన్నారు. మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో కిటికీ దగ్గర ఆగి వీధిలోకి చూస్తూ నిలబడతారు. పిలిస్తే పలకరు. కాసేపయ్యాక ఏమీ జరగనట్టు పైకొచ్చి అన్నం పెట్టమంటారు. గుండె డాక్టరును బజారుకీడ్చానని కోపం కాబోలు. మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి నా వెనక ఏదో నడుపుతున్నారు. అదేమిటో నువ్వే చెప్పు, లేకపోతే ఇక ఉత్తరం రాయకు.

నీ వదిన

*

బైండింగ్ షెడ్డు,
నీ ఉత్తరం అందిన గంటకే

వదినా,

ఇది పోస్టులో వేయడం లేదు. మా కింద వాటాలో ఉండే లారీ డ్రైవరు మీ ఊరి మీదుగా వెళ్తున్నాడు, నీ చేతికే ఇమ్మని చెప్పాను. ఎవరి చేతైనా ఫోను చేయించవచ్చు, కానీ మీ క్లినిక్‌లో ఫోను ఎత్తేది అన్నయ్యే.

అన్నయ్య కిటికీ దగ్గర వీధి చూడటం లేదు. అలగలేదు. ఊపిరి కోసం ఆగుతున్నాడు. నువ్వు పిలిస్తే పలకనిది నొప్పి తగ్గేదాకా మాట రాక.

చలికాలం నుంచే ఉందట. మెట్లెక్కితే ఛాతీ మీద బరువు పెట్టినట్టు, దవడ దాకా లాగినట్టు. ఆగితే తగ్గిపోతుందట. నీకు చెప్పలేదు. నువ్వు నటించమని పంపినప్పుడు ఆ డాక్టరు ముందు కూర్చుని నువ్వు నేర్పిన తేన్పుల మాట ఎత్తనే లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆయన రాసింది దానికి. అంతా మార్చిలో నాకు రాశాడు. నీకు చెబితే ఇక నాకు ఉత్తరం రాయనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఎందుకు దాచాడో అన్నయ్య మాటల్లోనే రాస్తున్నాను.

"నేను మంచమెక్కితే మీ వదిన క్లినిక్ మూసి నా పక్కన కూర్చుంటుంది. నెల రోజులు ఆ తలుపు మూశామంటే ఆ బస్సు మన వాళ్ళందరినీ ఎక్కించుకుపోతుంది, మళ్ళీ తెరిచేదేమీ ఉండదు. ఆ నలుగురి ఒప్పందం కానీ. తన గదిలో కూర్చోవడానికి ఇంకో డాక్టరున్న రోజున నేనే చెబుతాను. ఈలోగా నోరు కుట్టేసుకో, కుట్టడం నీకు చేతనైన పనే కదా."

అందుకే నిన్ను సంతకం పెట్టమని తొందర చేశాను. నాకు వేరే దారి తోచలేదు. నువ్వేమో నన్ను ఎవరో కొనేశారని రాశావు. కొంటే ఎవరు కొంటారు వదినా నన్ను, వినిపించని దాన్ని?

ఈ ఉత్తరం ముగించే దాకా కూడా చదవకు. లేచి కౌంటరు దగ్గరకు వెళ్ళు.

*

పెద్దాసుపత్రి, రెండో అంతస్తు వరండా,
ఏప్రిల్ చివర

అమ్మాయీ,

మొదట నీకు కావలసిన మాట. మీ అన్నయ్య బతికే ఉన్నారు, లోపల గదిలో నిద్రపోతున్నారు.

డ్రైవరు నీ ఉత్తరం తెచ్చేసరికి నా ఎదురుగా ఒక ముసలాయన నాలుక బయట పెట్టుకుని కూర్చున్నాడు. చదివాక ఆయన్ను నాలుక లోపల పెట్టుకోమని చెప్పడం కూడా మరిచిపోయి బయటకు నడిచాను. మీ అన్నయ్య ఎవరికో దగ్గు మందు ఎలా తాగాలో చెబుతున్నారు. నేను వెళ్ళి చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. ఆ మాత్రల అట్ట ఉంది, సగం పైగా ఖాళీ. ఆయన నా ముఖం చూసి, "చెల్లి చెప్పిందా" అన్నారు. ఆ దగ్గు మందు మనిషికి చిల్లర ఇచ్చి పంపాకే కౌంటరు వెనక నుంచి లేచారు.

షట్టరు దించేశాం. టీ కొట్టు పక్క మెట్ల కింద ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి నేను పైకి, గుండె డాక్టరు గదికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి నన్ను గుర్తుపట్టలేదు, టోకెను ఇచ్చి కూర్చోమంది. కూర్చున్నాను. డాక్టరునని చెప్పుకోలేదు. నా వంతు వచ్చి లోపలికి వెళ్తే డాక్టరుగారు లేచి నిలబడి, "ఆయన ఎక్కడున్నారు?" అని అడిగారు. నన్ను వేరే ఏమీ అడగలేదు. తనే కిందికి దిగి వచ్చారు.

డాక్టరుగారి కారులోనే పెద్దాసుపత్రికి బయలుదేరాం, దారిలో నేను మాట్లాడకుండా ఉండలేకపోయాను. "మీకు తెలుసా, ఆయన మావారని?" అన్నాను.

"మొదట తెలియదు. కిరాణా కొట్టన్నారు. చీటీ చేతికివ్వగానే గడగడా చదివేశారు. నా రాత అలా చదివేవాళ్ళు మందుల షాపుల్లోనే ఉంటారు" అన్నారాయన. "అడిగితే అప్పుడు అంతా చెప్పారు. మా ఆవిడ నన్ను మిమ్మల్ని పరీక్షించడానికి పంపింది, నొప్పి మాత్రం నిజమే అన్నారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"పేషంటు వద్దన్నారు. నేను కబురు పంపినప్పుడల్లా వచ్చే వారం, వచ్చే వారం అన్నారు. మీటింగులో మిమ్మల్ని అంతకన్నా ఎలా అడగాలో నాకు తెలియలేదు."

ఇంట్లో అందరూ బాగున్నారా అని ఆయన అడిగింది అందుకు. ఆ చూపు బెదిరింపు కాదు. నేను కనిపెడతానేమోనని నిలబడి చూశారు, అంతే. ముప్పై అడుగుల దూరం నుంచి కామెర్లు కనిపెడతానని గొప్పలు చెప్పుకునే నాకు, నా పక్క మంచం మీద పడుకునే మనిషి రోగం కనిపించలేదు. మనసంతా అనుమానంతోనే నిండిపోయి ఉంటే ఇంక కళ్ళకు పనేముంటుంది?

ఆయన కారు వెనక గేటులోకి ఎందుకు పోతుందో కూడా తెలిసింది. ఈ పరీక్ష చేసే మిషను ఊళ్ళో ఇంకెక్కడా లేదు. తన పేషంట్లను ఇక్కడికే తెచ్చి, గంటకింతని అద్దె కట్టి తనే చేస్తారు. ఉద్యోగం ఎందుకు మానేశారని కూడా సిగ్గు విడిచి అడిగాను. "అవసరం లేనివాళ్ళకు కూడా ఆంజియోగ్రామ్ రాయమన్నారు" అన్నారు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

ఇక అసలు సంగతి. వచ్చిన రోజే పరీక్ష చేశారు. మార్చిలోనే వచ్చి ఉంటే ఒక స్టెంటుతో సరిపోయేదేమోనని ఆయన అన్నారు. నేను గట్టిగా నిలదీసి అడిగితే అన్నారు, తనంతట తాను అనలేదు. ఇప్పుడు ఒక నాళం పూర్తిగా మూసుకుపోయింది. గుండె కింది వైపు కండరం కొంత చచ్చుబడింది, అది తిరిగి రాదు. మిగతావి నిలబెట్టాలంటే ఛాతీ తెరిచి ఆపరేషను చేయాలి. రెండు వారాల్లో పెద్ద సర్జను చేస్తారట. అంతదాకా ఇంటికి తీసుకెళ్ళి కింది గదిలో కదలకుండా ఉంచమన్నారు.

నీ మీద నేను రాసిన మాటలు చింపి పారెయ్. చింపినా నేను రాసినవే అని తెలుసు.

నీ వదిన

*

బైండింగ్ షెడ్డు,
మే మొదట్లో

వదినకు,

నీ మీద కోపం లేదని రాయడానికి కూర్చుని రెండు కాగితాలు పాడు చేశాను. ఉంది. నీ మీదా ఉంది, అన్నయ్య మీదా ఉంది, నోరు కుట్టేసుకున్న నా మీదా ఉంది. ముగ్గురం తెలివైనవాళ్ళమే, ముగ్గురం కలిసి ఒక మనిషిని చంపబోయాం. ఆ మనిషి కూడా మన ముగ్గురిలో ఒకడు కావడం ఇంకా విడ్డూరం.

నన్ను కొనేశారన్న మాట చింపలేదు. పెట్టెలో పెట్టాను. నువ్వు ముసలిదానివై నా దగ్గరకు వచ్చినప్పుడు రోజుకోసారి చదివి వినిపిస్తాను.

ఆపరేషను ముందు రోజుకు వస్తున్నాను. లారీలోనే వస్తాను, డ్రైవరు ముందు సీటు ఇస్తానన్నాడు. వచ్చేలోగా ఆ మిగతా డాక్టర్లకు నిజం చెప్పెయ్. అన్నయ్య గుండె ఒకటే కాదు కదా నువ్వు పాడు చేసింది.

నీ ఆడపడుచు

*

క్లినిక్ వెనక గది,
మే, ఓ గురువారం

అమ్మాయీ,

ఇది నీకు లారీ ఎక్కేలోపు అందుతుందో లేదో. అయినా రాయకుండా ఉండలేను.

నువ్వు చెప్పకముందే వెళ్ళాను. పిల్లల డాక్టరమ్మ ముందు కూర్చుని, ఆ చీటీ మావారిదేనని, ఆయనకు రోగం నిజంగానే ఉందని చెప్పాను. ఆవిడ నన్ను కడిగి పారేస్తుందనుకున్నాను. లేచి తలుపు గడియ పెట్టి వచ్చి, "ఏడవాలనుంటే ఏడవండి, బయట పిల్లలున్నారు, భయపడతారు" అంది. ఏడ్చాను.

ల్యాబు ఆయన మాత్రం దక్కలేదు. పోయిన వారమే పెద్దాసుపత్రి వాళ్ళకు సంతకం పెట్టేశాడట. ఆయన్ను తప్పు పట్టలేను. పక్కవాడు దొంగని నేను చెబితే నమ్మాడు, నన్ను నమ్మడమే ఆయన చేసింది. దాంతో నలుగురం ముగ్గురమయ్యాం. ఇన్సూరెన్సు వాళ్ళు ముగ్గురితో మాట్లాడతారో లేదో తెలియదు. ల్యాబు కొత్తగా పెట్టుకోవాలి. నిలబడతామన్న ధైర్యం ముందున్నంత ఇప్పుడు ఎవరికీ లేదు.

గుండె డాక్టరుగారిని నేనే అడిగాను, "నేను మీకు ఇంత చేశాక కూడా నాతో కలుస్తారా" అని. ఆయన పెన్ను మూత తీశారు, పెట్టారు. "మీరు మీవారినే పేషంటుగా పంపి మరీ నా గురించి వాకబు చేశారు. ఒక డాక్టరును నమ్మేముందు అంత చూసే డాక్టరు ఇంకొకరు నాకు తెలియదు. ఇక మీదట పంపేటప్పుడు మాత్రం ఒక చీటీ రాసి పంపండి. పేషంటుకు ఏముందో, నిజంగా ఏముందో" అన్నారు. ఇది ఆయన నాతో మాట్లాడిన అన్నిటికన్నా పొడుగు మాట. వేళాకోళమో మెచ్చుకోలో నాకు అర్థం కాలేదు. కాగితం మీద సంతకం పెట్టేశాను. నీ మాట మరిచిపోలేదు, వాటా బయటివాళ్ళకు అమ్మకూడదని గట్టిగా రాయించాను. అది ముందుగా కోరింది ఆయనేనట.

ఇవాళ పెద్ద సర్జను కబురు పంపారు. ఇంటి డాక్టరు దగ్గర నుంచి పేషంటు వివరాలు రాసిన చీటీ కావాలట. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎలా వస్తుంది, ఎంతసేపుంటుంది. ఇంటి డాక్టరంటే నేనే కదా. కాగితం తీసి పేరు రాశాను, వయసు రాశాను. తరవాత ఏం రాయాలో తెలియలేదు. ఊరందరివీ అడిగి రాసుకునేదాన్ని, ఈయన్ని ఎప్పుడూ అడగలేదు.

కింది గదిలోంచి మెల్లగా నడిపించుకుని నా గదిలోకి తీసుకొచ్చాను. పేషంట్లు కూర్చునే స్టూలు మీద కూర్చోబెట్టాను. ఇన్నేళ్ళలో ఆయన ఆ స్టూలు మీద కూర్చోవడం నేను చూడలేదు. తలుపు దగ్గరగా వేసి, పెన్ను పట్టుకుని, "చెప్పండి, ఎప్పటి నుంచి?" అన్నాను.

ఆయన నా వైపు చూసి, "నిజం చెప్పనా, నువ్వు చెప్పమన్నది చెప్పనా?" అన్నారు.

"నిజమే చెప్పండి" అన్నాను.

చెప్పారు. చాలాసేపు పట్టింది. బయట నా పేషంట్లను పిల్లల డాక్టరమ్మ చూస్తోంది.

నీ వదిన